వానకాలాల లెక్క

బాయిల మా లెక్క మస్టర్లు.
నూట తొంభై పడితేనే ఏడాది ఏడాది కింద జమ.
వాళ్ళల్ల వానకాలాలు లెక్కవెడ్తరట,
ఎవలెన్ని వానలు ఒక్కకాడ నిలిచి కూసుంటే
అంత పెద్దోళ్ళు.
ఒక్క వాన తక్కువున్నోడు
వయసుల తాతయినా వంగి మొక్కాలె.
మా అన్నకు నలబై వానలు.

పేపర్ల ఏసిన పేరు శీలరక్ఖిత మహాథేరో.
నాకెరుకైన పేరు రాజపోశం.
దుర్గం రాజపోశం, గోదావరిఖని,
గుడిసెల లైన్ల ఆఖరి గుడిసె.
వానొస్తే మా చూరు నీళ్ళు సుత నల్లగనే కారేటియి.
అమ్మ గంటె వంచుడే ఆలస్యం
తల్లె మీద అరచెయ్యి అడ్డంవెట్టి
"సాలే" అనేటోడు.
ఆకలి తక్కువోడనుకున్న చాన రోజులు.

ఎండకాలం అమ్మమ్మ ఊరు, ధూళికట్ట.
హుస్సేని వాగు దాటితే దిబ్బ,
దిబ్బ మీద అయిదు పడగల పాము చెక్కిన రాయి.
అమ్మ పసుపు వెట్టి మొక్కేది.
వీడు పడగలు జూడలే.
పాము కింద రెండు పాదాలు జూసి
"కాళ్ళున్నయి, మనిషేడే?" అన్నడు.
అమ్మ నెత్తి మీద ఒక్కటిచ్చింది.

ఆ ఏడు నైట్ షిఫ్టుల కప్పు కూలింది.
తెల్లారి ల్యాంప్ రూంల
బిళ్ళ ఇచ్చి కొంటవోయిన దీపాలన్ని ఎనక్కొచ్చినయి,
ఒక్క కొక్కెం ఖాళీ.
అందరం బాయి మొగదల నేలవడి ఏడుస్తున్నం.
అన్న ఆ కొక్కెం ముంగట నిలవడ్డడు
సెకండ్ షిఫ్టు సైరన్ కూసేదాక.
ఏం జూసినవే అని
నేను ఎన్నడడగలే.

డిపెండెంటు నౌకరి కాయితమొచ్చింది, అన్న పేరు మీద.
దస్కత్ వెట్టలే.
"తమ్మునికియ్యున్రి" అన్నడు.
తమ్మునికి పదహారేండ్లు.
ఇంక రెండేండ్లు ఆగాలె నౌకరి.
ఆ రెండేండ్లు అమ్మ బస్టాండ్ల సర్వపిండి అమ్మింది.
ఆయన మీద అచ్చేసిన పుస్తకంల
బంగారు అచ్చరాల అట్ట ఉన్నది గని
సర్వపిండి ముచ్చట లేదు.

రామగుండంల నాగపూర్ బండెక్కిండు
నాయిన టిఫిన్ డబ్బ ఒక్కటి సంకల వెట్టుకొని.
మొదటి ఉత్తరం: "విహారం ఊడుస్తున్న."
ఏడాదికి రెండోది: "ఇంక ఊడుస్తున్న."
ఆ తర్వాత గుండు, కాషాయం, పాళీ చదువు,
సముద్రం దాటి సింహళంల పదకొండు వానలు.
పెద్ద గురువుకు పక్షవాతమొస్తే
ఏడేండ్లు ఆయన మంచం కాడనే పండిండట,
ఎత్తుడు, కడుగుడు, తుడుసుడు.
గురువు పోయినంక గద్దె కోసం ముగ్గురు కొట్లాడిన్రట.
ఎటూ తెగక
బయట చీపురు వట్టుకున్నోన్ని పిలిచి
కూసోవెట్టిన్రట.
ఇది సుత పుస్తకంల లేదు.
వంట జేసే పిల్లగాడు జెప్పిండు.

నేను కిందికి దిగిన, ముప్పై తొమ్మిదేండ్లు.
కోపం సుత బొగ్గే,
తవ్విన కొద్ది దొరికేది.

మొన్న బుద్ధ పున్నమకు ధూళికట్టకొచ్చిండు.
వాగు దాక కార్లు, దిబ్బ మీద షామియానాలు,
ఎత్తు కుర్సీ ఏస్తే వద్దని చాప మీద కూసున్నడు.
వరుసగట్టి అన్నం పెడుతున్నరు జనం.
నా వంతొచ్చింది.
ఆయన తల ఎత్తలే.
నా దగ్గు ఇని ఆగిండు.
నాయిన దగ్గు అది,
ఇప్పుడు నా రొమ్ముల కాపురముంటది.

"అమ్మ ఆ రెండేండ్లు ఏం తిన్నదిరా?"
నలబై వానలు మోసుకొచ్చిన మాట అది,
సన్నగ, నాకొక్కనికే.

"మాడిన సర్వలు" అన్న.

ఏమనలే.
గంటె వంచిన.
నాలుగు మెతుకులు వడ్డయో లేదో
భిక్షాపాత్ర మీద అరచెయ్యి అడ్డమొచ్చింది.
ఎనుక ఎవలో తోస్తున్నరు, జరుగు జరుగని.
నేను గంటె ఎత్తలే.