చివరి తూము దగ్గర లాటిన్

రాత్రి రెండింటికి మా వంతు.
సఖినేటిపల్లి దిగువన, ఉప్పుగాలి తగిలేచోట
చివరి తూము.
దాళ్వా వరి పొట్టమీదుంది.
కాలవలో నీళ్ళు మాత్రం
కప్ప కూర్చుంటే వీపు తడవని లోతు.

లస్కరు రాయప్ప టార్చి ఆర్పి గట్టుమీద కూలబడ్డాడు.
కుర్రతనంలో ఫాదరవుదామని సెమినరీకెళ్ళి
నాలుగేళ్ళు చదివి
ఐదో ఏడు తిరిగొచ్చేసిన మనిషి.
ఎందుకో ఎవరూ అడగలేదు.

"డెరివో, డెరివారే, డెరివావి, డెరివాతుం"
ఎక్కం అప్పజెప్పినట్టు అన్నాడు.
అబ్బులుగాణ్ణి తిడుతున్నాడేమో అనుకున్నాను.

"రీవుస్ అంటే వాగండి. డే అంటే, అందులోంచి.
వాగులోంచి బోదె తీసి పొలానికి పెట్టుకోవడం.
మొదట్లో అంతేనండి ఆ క్రియ,
బురదకాళ్ళ మాట.
తర్వాతెప్పుడో చదువుకున్నోళ్ళు పట్టుకుపోయి
మాటలోంచి మాట పుట్టిందనడానికి వాడారు.
ఆయ్, పార మనదేనండి."

ధవళేశ్వరం గుర్తొచ్చింది.
అక్కడ చూస్తే అవతలి ఒడ్డు ఆనదు.
అక్కణ్ణుంచి కాలవ, పిల్లకాలవ, బోదె,
బోదెలో చీలిక,
చీలికలో ఈ తడి.
దీని వ్యుత్పత్తి గోదారి అంటే
పరాయివాడు నమ్ముతాడా?

"ఒకే వాగు నీళ్ళు వాడుకునేవాడు రివాలిస్ అండి.
పోటీకొచ్చేవాడని అర్థం అందులోంచే వచ్చింది."

నవ్వొచ్చింది.
ఇది మాకు లాటిన్ చెప్పాలా?
దాయ అంటే పాలివాడు, దాయ అంటే పగవాడు.
ఎగువ తూములో గోనె కుక్కింది
మా పెదనాన్న కొడుకు అబ్బులు.
ఒకే తువ్వాలు చెరో కొసా పట్టి
ఈ కాలవలోనే పరిగెలు పట్టాం.

ఇద్దరం వెళ్ళి గోనె లాగేశాం.
గట్టుమీద పడుకున్న అబ్బులు
కళ్ళు తెరవలేదు,
మాకు దారిస్తూ కాళ్ళు ముడుచుకున్నాడు.

నీళ్ళు కదిలాయి.
"మనకేమంటారండి దీన్ని?"
మళ్ళడం, అన్నాను.
మళ్ళేవి నీళ్ళు, తడిసేవి మళ్ళు,
పై వారం మళ్ళీ ఇదే గట్టు.
మూడూ ఒక్క ఏట్లోవో కాదో
నాకు తెలీదు. రాయప్పకీ తెలీదు.

మరి డెరివావి అంటే?
"నేనే మళ్ళించాను, అనండి"
అని కాసేపు చీకట్లోకి చూశాడు.
నీళ్ళ గురించే అనుకున్నాను అప్పటికి.

సరిగ్గా నాలుగింటికి
ఎగువన గోనె పడ్డ చప్పుడు.
సగం మడి తడిసింది.
రాయప్ప టార్చి పళ్ళతో కరిచి
పుస్తకంలో మా పేరెదురుగా
టిక్కు పెట్టుకున్నాడు.