గుడిదీర్ఘం

పబ్లిషర్ ఫోన్ చేశాడు:
"నాంపల్లి సార్ సంవత్సరీకం లోపు
ఆయన మాటలు ఓ వంద ఏరిపెట్టమ్మా,
జేబులో పట్టే పుస్తకం వేద్దాం."

చిక్కడపల్లిలో మెట్ల కింద గది.
పన్నెండు నవలలు ఈ వేళ్ల మీదుగానే పోయాయి.
ఎన్ని గ్రహాలో, ఎందరు మాంత్రికులో,
వెనక్కి పారే నది ఒకటి.

పేరు నాంపల్లి, ఇల్లు సీతాఫల్‌మండి,
పగలంతా జలమండలి మీటర్లు చదివేవాడు.
ఆయన్ని చూస్తే జనానికి బిల్లే గుర్తొచ్చేది.
రాత్రిళ్లు రాసేవాడు,
పాత రీడింగు పుస్తకాల్లో, వెనక వైపు.
అందుకే ప్రతి అంతరిక్ష నౌక వెనకా
నాకు ఎవరిదో ఇంటి నంబరు, బకాయి కనిపించేవి.

ఏరుతున్నాను.

"మంత్రానికి ఖర్చుండాలి.
ఖర్చులేని మంత్రం ఎన్నికల వాగ్దానం."
ఇది పెట్టొచ్చు.

"రాక్షసుణ్ణి వర్ణించే ముందు
వాడు పొద్దున ఏం తింటాడో కనుక్కో."
ఇది ఏ నవలలోనూ లేదు.
చాయ్‌లో ముంచిన బిస్కెట్ విరిగి మునిగిపోతే
దానివైపు చూస్తూ నాతో అన్నాడు.
పెట్టనా?

"మూడు చందమామలున్న గ్రహంలోనూ
అద్దె ఒకటో తారీఖునే కట్టాలి."
టైపు చేసిన రోజు
మా ఓనరు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.
అప్పుడు రాని నవ్వు ఇప్పుడొచ్చింది.

కొన్ని బాగాలేవు.
ప్రేమ కాంతి కన్నా వేగం, అలాంటివి.
పెద్దాయన కదా అని ఉంచాలో
పెద్దాయన కదా అని దాచాలో.

ఇక అందరికీ తెలిసింది ఒకటుంది.
ఆటోల వెనక చూశాను.
ధర్నా చౌక్‌లో ఎండకు వంకర్లు పోయిన అట్టల మీద చూశాను.
మా తమ్ముడి కూతురు
బడిలో ఉపన్యాసం దాంతోనే మొదలుపెట్టింది:
"నోరు లేని గ్రహమే ముందు చస్తుంది."

ఆయన రాసింది నోరు కాదు.
నీరు.
నీళ్ల మనిషి, ఇంకేం రాస్తాడు?
ఆ రాత్రి కరెంటు పోతూ వస్తూ ఉంది,
గుడిదీర్ఘం పడాల్సిన చోట
ఓత్వం పడింది.

ప్రూఫు చూశాడు. చూశాడని నాకు తెలుసు:
పై లైన్లో కామా దిద్దాడు,
కింది లైన్లో తలకట్టు.
నడుమ ఆ మాట మీద
పెన్ను కాసేపు ఆగి, ఇంకు ఊరి
ఒక ఎర్ర చుక్క.
అంతే.

పదేళ్లు నేనడగలేదు, ఆయన చెప్పలేదు.
ఒకసారి మాత్రం ఏదో సభ నుంచి తిన్నగా వచ్చి
కప్పిన శాలువా నా కుర్చీ మీద పడేసి
"సగం నీదే నౌషీన్, ఏ సగమో అడగకు" అన్నాడు.
చలికాలం, అందుకన్నాడనుకున్నాను.

తొంభై తొమ్మిది అయ్యాయి.
కర్సర్ కొట్టుకుంటోంది.
బీరువాలోంచి ఆ రీడింగు పుస్తకం తీశాను.
ఆయన దస్తూరీలో నీరు, గుండ్రంగా, అనుమానం లేకుండా.
కాగితం తిప్పితే
బోరబండ, మూడు నెలల బకాయి, కనెక్షన్ కట్,
సంతకం లేదు, వేలిముద్ర.

వీధిలో ట్యాంకర్ హారన్.
బిందెల మోత.
నా నంబరు ముందు, నా నంబరు ముందని
ఎవరిదో గొంతు చీరుకుపోతోంది.

రెండూ టైపు చేశాను, ఒకదాని కింద ఒకటి.
పబ్లిషర్ ఒకటి కొట్టేస్తాడు.
ఏది కొట్టేస్తాడో చూడాలి.