బి ఖాతా

ఫారంలో ఏడో గడి దగ్గర పెన్ను ఆగింది.
నెల ఆదాయం.
ఏ నెలది రాయమంటారు సార్?

మే నెలదా?
బడులు తెరిచేలోగా ఊరంతా సామాను కట్టుకునే నెల,
కల్కెరెలో మూడిళ్లు, హొరమావులో రెండు
నా చేతి మీదుగా నిండిన నెల.
ఫ్రిజ్జు మార్చాను. పాత చీటీ బాకీ తీర్చాను.
లేక ఆషాఢానిదా?
కొత్తింట్లో ఎవరూ పాలు పొంగించరు,
నా పొయ్యి మీదా పొంగవు.

బల్ల మీది పలకలో గురురాజ ఉడుప అని ఉంది.
పే స్లిప్ లేదా అన్నాడాయన, మంచిగానే.
లేదు సార్, తాళాలున్నాయి.
సంచిలోంచి గుత్తి తీసి ముందు పెట్టాను.
పదకొండు ఇళ్లు, ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డపేలిక.
ఎర్రది, మాంసం వండని వాళ్లకే.
పచ్చది, బ్యాచిలర్లయినా సరే, మిద్దె మీదికి మాత్రం పోకూడదు.
నీలం పేలిక ఇంట్లో బోరు ఎండిపోయింది.
అడిగితేనే చెప్పమన్నాడు ఓనరు.
అడక్కముందే నోరు జారుతుంది నాకు,
అందుకే నాలుగు నెలలుగా అది నా గుత్తిలోనే ఉంది.

పదకొండేళ్లు బొమ్మనహళ్లి గార్మెంట్స్‌లో
కాలర్లు కుట్టాను సార్.
అప్పుడైతే మీ గడి నిండేది, పైసలతో సహా.
బాత్రూముకు పోవాలంటే సూపర్‌వైజరు టోకెన్ ఇవ్వాలి.
ఇవ్వకపోతే బిగబట్టుకుని ఇంకో ముప్పై కాలర్లు.
ఇప్పుడూ టోకెనే,
కాకపోతే అది అడ్వాన్సు, నా చేతిలో పెడతారు.

మా మరిది శేషాచలం పీణ్యాలో లేతు మిషను మీద ఉన్నాడు.
ఒకటో తేదీ పొద్దున్నే ఫోను టింగుమంటుంది.
"ఏం సంపాదన వదినా నీది, గాలికి రాలిన కాయ" అంటాడు.
రాలిన కాయనే చూశాడు.
కాని నెలల్లో నా స్కూటరు తాగిన పెట్రోలు చూడలేదు.

ఇల్లు చూస్తారు, కిటికీలు తెరిచి మూస్తారు,
లిఫ్టులో దిగుతూ "ఇంట్లో అడిగి చెప్తామక్కా" అంటారు.
నేను మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడి
మళ్లీ పైకి పోతారు, ఓనరు దగ్గరికి.
వచ్చే ఆదివారం అదే బాల్కనీలో
వాళ్ల పిల్ల గౌను ఆరుతుంటుంది.
ఒక్కసారి కింద నిలబడి అరిచాను.
సగం ఇచ్చారు. మిగతా సగం
నా గొంతు చూసి సిగ్గేసి నేనే అడగలేదు.

సొంతమేదైనా ఉందా అన్నాడు ఉడుప.
సైటుంది సార్, అగర దాటాక, ఇరవై ముప్పై.
బి ఖాతా.
ఆయన పెన్ను క్యాపు పెట్టేశాడు.
"బి ఖాతాకు లోన్ రాదమ్మా."
తెలుసు సార్, ఆ మాట రోజుకు ముగ్గురికి నేనే చెప్తాను.
పన్ను కట్టించుకుంటారు, రసీదు ఇస్తారు,
ఉన్నావని మాత్రం ఒప్పుకోరు.
ఏడో గడిలో అదే రాసుకోండి.

కాగితాలు వెనక్కి తోసి, అటూ ఇటూ చూసి
గొంతు తగ్గించాడు.
"బాణసవాడి వైపు రెండు పడకగదులది ఏమైనా...
కావేరి నీళ్లు రావాలి.
మా ఓనరు ఖాళీ చేయమంటున్నాడు."

ఉంది సార్. పసుపు పేలిక.
నెల అద్దె నా కమీషన్.

"జీతం పడాలి కదా. ఒకటో తేదీ దాకా ఆగుతావా?"

గోడ మీద కేలెండరు పంతొమ్మిది చూపిస్తోంది.
పే స్లిప్ తీసుకురండి సార్, చూద్దాం అన్నాను.
ముందు ఆయనకు అర్థం కాలేదు,
తర్వాత పక్క కౌంటరు వాళ్లు తిరిగి చూసేంత నవ్వాడు.

సాయంత్రం ఆరు దాటాక రండి, చూపిస్తాను.
ఆ ఇంట్లో నీళ్లకు కొదవలేదు.
పెద్ద పడకగదికి మాత్రం పడమటి ఎండ.
ఆ సంగతి
ఆరు దాటాక చెప్తాను.