చుక్కల పని

సిగరెట్లు విరక్కుండా ఉండాలంటే
పెట్టెలో ఒక అట్టముక్క కావాలి.
అంతే సంగతి.
అట్టముక్క ఖాళీగా ఉంటే బాగుండదని
కంపెనీవారికి ఎవరో చెప్పారు,
అందుకని నాకు ఈ ఉద్యోగం.

బొటనవేలు రెండుసార్లు ఆనిస్తే నిండిపోయేంత చోటు.
అందులో పొద్దున ఒక జలపాతం,
మధ్యాహ్నం ఒక నాటకాల రాణి.
గీతలు కావు, చుక్కలు.
గులాబీకి ఒక రాయి, పసుపుకి ఒక రాయి, నీడకి నీలం;
పది రాళ్లు పదిసార్లు ముద్దు పెడితే గాని
కాగితానికి ఒక చెంప రాదు.
భూతద్దం పెట్టి చూస్తే మనిషి ఉండదు,
చల్లిన ఆవాలు.
చేయి చాపి దూరంగా పట్టుకుంటే
చుక్కలాంటి పిల్ల.

నా పేరు లుడోల్ఫ్ క్వాస్ట్. బవేరియా వాణ్ణి.
ఈ రాళ్లూ అక్కడివే. మా ఊరి గుట్టను పలకలుగా కోసి
ఓడ అడుగున వేసుకొచ్చారు,
పైన మమ్మల్ని.
న్యూయార్క్ రేవులో రాళ్లను దింపుకోవడానికి బండ్లు వచ్చాయి.
మమ్మల్ని ఎవరూ అడగలేదు.
ఇప్పుడు మా గుట్ట మీదే
నేను చూడని కొండలు గీస్తాను: యోసెమిటీ,
ఎల్లోస్టోన్ వేడి ఊటలు.
ఫొటోలో నలుపూ తెలుపే. రంగులు నా పూచీ.

రాతి మీద అన్నీ తిరగేసి గీయాలి.
నది పడమరకి పారాలంటే తూర్పుకి తోలాలి.
ముప్పై ఏళ్లుగా నదుల్ని వెనక్కి తోలీ తోలీ
కాఫీ కప్పును కూడా
లేనివైపే వెతుకుతాను.

ఎనభై ఏడులో, లోకంలోని అందగత్తెలు, యాభై మంది.
నలభై తొమ్మిది ఫొటోలే వచ్చాయి.
సిసిలీ ఆవిడ దారిలో తప్పిపోయింది.
శనివారం సాయంత్రం. ఫోర్‌మన్ గుమ్మంలో నిలబడి
గడియారం మూత తెరుస్తూ మూస్తూ ఉన్నాడు.
యంత్రానికి కాగితం అందించే ఓనోరా టీగ్
కిటికీ దగ్గర రొట్టె తింటోంది.
స్ఫోటకం మచ్చలు, ఎడమ చెంప మీద ఎక్కువ.
కళ్లెత్తి చూశాను, గీశాను. చూస్తూనే గీశాను.
తిరగేయాలన్న సంగతి
ముప్పై ఏళ్లలో ఒక్కసారి మరిచిపోయాను.

మచ్చలు తీయలేదు.
కావాలని ఉంచిందీ కాదు.
చుక్కల్లో చుక్కలు, ఎక్కడ ఆగాలో
చేతికి తెలియలేదు.
తలకి ఎర్ర రుమాలు కట్టాను,
వెనక పొగ కక్కే కొండ పెట్టాను,
సిసిలీ అని తెలియాలి కదా.

అచ్చయ్యాక ఆఫీసంతా చూసింది.
ఎవరో తెలిసినట్టే ఉందన్నారు, ఎవరో తేల్చలేదు.
ప్రూఫులు దిద్దే ముసలాయన ముక్కు దగ్గరేదో తేడా అన్నాడు.
ఓనోరా ఒక్కతే
చేతి మసి గౌనుకి తుడుచుకుని అందుకుంది.
"ఇది నేనే. రోజూ తల దువ్వుకునేప్పుడు
కనిపించేది ఈవిడే."
అద్దంలో ఏ చెంపకి ఆ చెంపే కదా.
లోకం చూసే ఓనోరా ఒకతె,
ఆమె ఎరిగిన ఓనోరా ఇంకొకతె.
ఆ రెండో ఆవిణ్ణి
రెండు లక్షల పెట్టెల్లో పెట్టి పంపేశాం.

ఆ వారమే రాళ్లు రుద్దేవాడు
ఇసుకా నీళ్లూ పోసి సిసిలీని చెరిపాడు.
బేస్‌బాల్ ఆటగాళ్లకి రాయి కావాలి.
రెండు వెంట్రుకల మందం అరిగిందో లేదో
అడుగున చేప బయటపడింది.
చిటికెన వేలంత. ముల్లు ముల్లుగా,
ఎవరో సన్నటి కలంతో గీసి వెళ్లినట్టు.
"పాడు రాయి" అన్నాడు ఫోర్‌మన్,
పెరటి గుమ్మానికి మెట్టుగా వేయించాడు.
దాటినప్పుడల్లా చూస్తాను: కుడికి ఈదుతోంది.
అచ్చు తీస్తే ఎడమకి.

ఒక ఆదివారం బ్రూక్లిన్‌లో, సారాకొట్టు బయట
పిల్లలు బేరాలాడుతున్నారు.
"సిసిలీలు రెండున్నాయి నా దగ్గర, నయాగరా ఇస్తావా?"
"మచ్చలావిడా? మూడిచ్చినా వద్దు."
మొదటివాడు ఒకదాన్ని జేబులో పెట్టుకున్నాడు.
రెండోదాన్ని బూటులో, చిల్లు పడినచోట,
ముఖం పైకి ఉండేలా సర్దుకున్నాడు.
లేచి నాలుగడుగులు వేసి చూసుకున్నాడు.
గట్టిగానే ఉంది.