పొడుం గుంట

పంతొమ్మిదేళ్ళుగా నేనన్నవి మూడే మాటలు.
కదలొద్దు.
ఊపిరి బిగబట్టు.
ఇక వదులు.

అవీ అరవంలోనే, రాయపురం ఆస్పత్రి కదా.
సూళ్ళూరుపేట లోకల్‌లో ఎన్నూరు దాకా నాది తెలుగు,
ఆ పైన నాలుక దానంతటదే పట్టాలు మారుతుంది.

ఎముక విరిగిన సంగతి
అందరికంటే ముందు తెలిసేది నాకు,
ఆ చెయ్యి ఎవరిదో వాళ్ళకంటే కూడా ముందు.
"అక్కా, ఎలుంబు ఉడంజిడిచ్చా?"
"డాక్టర్ సొల్లువారు."
చెబుతాడు డాక్టరు, గంటకో మూడు గంటలకో,
లారీ కింద పడ్డవాణ్ణి కుట్టడం ముగిశాక.
అందాకా వాళ్ళు చదివేది నా మొహమే.
దానికీ ఒక సీసపు ఏప్రన్ తొడగడం నేర్చుకున్నాను.

ఒక వడ్రంగి మాత్రం పోడు నాలోంచి.
మడమలో వెంట్రుకంత గీత.
కొత్త హౌస్ సర్జన్ చూడలేదు. నేను చూశాను.
నోరు తెరవడం నా జీతంలో లేదు.
ఆర్నెల్లకి కుంటుకుంటూ వచ్చాడు,
మళ్ళీ నా బల్ల మీదికే.
కదలొద్దు, అన్నాను.

ఈ ఏడు కాగితం వచ్చింది.
మణికట్టు, వేలు, చీలమండ,
చిన్న దెబ్బలైతే నేనే తాకి, తీసి, చదివి, కట్టి పంపొచ్చు.
చదువుకున్నాను, నలభై మూడేళ్ళప్పుడు, రైల్లో, నిలబడి.
"ఫొటోలు తీసేవాళ్ళూ వైద్యులేనా" అని క్యాంటీన్‌లో నవ్వు.
ఇళంచెళియన్ సారు నవ్వలేదు.
"తప్పు చేస్తే నిద్ర పట్టదు, అలవాటు చేసుకో" అన్నాడు.

మొదటి రాత్రి, వాన.
కాశిమేడు దేసమ్మాళ్.
వేలంపాట గచ్చు మీద ఐసు నీళ్ళకి జారింది.
మోచేతికి ఇంకా వంజరం పొలుసులు.
నాలుగు వైపుల నుంచీ తీశాను.
ఎనిమిది బుల్లి ఎముకలు, చింతగింజల్లా,
ఒక్కటీ చెదరలేదు.
నిన్నటి నేనైతే
కవర్లో పెట్టి ఇచ్చేదాన్ని.

బొటనవేలి మొదట్లో చిన్న గుంట ఉంటుంది.
మా వ్యాసార్పాడి తాత పొడుం పోసుకుని పీల్చేది అక్కడే.
అక్కడ నొక్కాను.
అంతే,
చేపల గంప ఒంటిచేత్తో ఎత్తే మనిషి
నా భుజం పట్టుకుంది.

"ఉడంజిడిచ్చా?"

ఇన్నేళ్ళు మూసిన నోరు తెరిస్తే
అవుననో కాదనో వస్తుందనుకున్నాను.
"తెలియదమ్మా," అన్నాను. "ఇంకా తెలియదు.
ఈ ఎముక ఒక్కోసారి పది రోజులు దాస్తుంది.
విరిగిందనుకునే కడతాను.
పదకొండో రోజు రా."

"పది నాళ్ళు నా గంప ఎవరు మోస్తారు?
నువ్వా?"

దానికి శిక్షణ ఇవ్వలేదు.
తడి పట్టీ చుడుతూ ఉండిపోయాను.
సున్నం వేడెక్కింది, ఆరింది.
కాగితం మీద నా పేరు రాశాను, పూర్తి పేరు,
పైడిముక్కల హైమవతి,
గీత ఇరుకు, చివరి అక్షరాలు పక్క గడిలో పడ్డాయి.

ఎడమ చేత్తో గొడుగు విప్పబోయి, రాక,
ఏదో తిట్టి, నన్నో గొడుగునో,
వానలోకి నడిచింది.

తెల్లారి లోకల్‌లో కిటికీ పక్కన
నా బొటనవేలి గుంట నేనే నొక్కుకుంటూ కూచున్నాను.
తడ దాటాక గుర్తొచ్చింది,
ఊపిరి బిగబట్టే ఉన్నానని.