ముల్లు ఒక చుట్టు తిరిగి

మెహరున్నీసా అక్క స్టూడియోలో
ఒక్క ఫొటో తెరవబోతే కంప్యూటర్ పడిపోతోంది.
"ఎవరిదో పాప మొదటి పుట్టినరోజంట,
పెన్ డ్రైవ్‌లో ఇచ్చి వెళ్ళారు,
దిష్టి తగిలిందేమో చూడు" అంది.
బ్రాడీపేటలో నా గదికి తెచ్చుకున్నాను.

పాప లేదు. కేకు లేదు.
ముందు వరసలో రెండంకెలు:
ఇంత వెడల్పు, ఇంత ఎత్తు అని
బొమ్మ తన గురించి తానే రాసుకున్న చీటీ.

గుణిస్తే
నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల చుక్కలు.
లెక్క రాయడానికి లైబ్రరీ ఉంచుకున్న గడులు ముప్పై రెండే.
అంకె నిండి, అంచు దాటి,
మళ్ళీ సున్నా దగ్గర మొదలై
అరవై అయిదు వేల మీద
ఏమీ ఎరగనట్టు నిలబడింది.

ఆ నిలబడటం నాకు తెలుసు.
మిర్చి యార్డులో, ఏసోబు బాబాయి పాత కాటా మీద
ఎవరో పంతానికి బస్తా మీద బస్తా ఎక్కిస్తే
ముల్లు ఒక చుట్టు తిరిగొచ్చి
మూడు కిలోల దగ్గర ఆగింది.
మూడు కిలోలు!
షెడ్డంతా నవ్వు, దగ్గు.
మార్చి ఘాటుకి అక్కడ రెండూ ఒకటే.
బాబాయి మాత్రం ముల్లు వంక చూడలేదు,
కాటా కింద కుంగిన నేల వంక చూశాడు.
"చీటీ మాట చీటీది రా, బస్తా మాట బస్తాది."

చీటీని నమ్మి చోటిచ్చిన రోజు కూడా ఉంది.
ముప్పై టిక్కీలని రాసుకొచ్చిన లారీకి
ముప్పైకే సున్నం గీత గీశారు.
దిగుతున్నాయి, దిగుతున్నాయి,
గీత దాటి పక్క కొట్టు సరుకు మీదికి,
ఎరుపు మీద ఎరుపు.
ఆ సరుకుకో అట్ట ఉంది,
ఏ లారీ ఎక్కాలో, ఏ ఊరు పోవాలో రాసిన అట్ట.
దాని మీద సరిగ్గా ఇంకో అట్ట వచ్చి పడింది.
తెల్లారేసరికి మద్రాసు పోవాల్సిన కాయ
ఎవడిదో గోడౌనులో ఉంది.
హమాలీల తప్పేముంది,
అట్ట చదివారు, మోశారు.

ఈ బొమ్మనీ ఎవరో తీరిగ్గా కూర్చుని చేశారు.
పొంగి పొర్లే చుక్కల్లో చివరి ఎనిమిదికీ రంగు లేదు,
అదొక చిరునామా.
పని ముగిశాక యంత్రం ఎక్కడికి తిరిగి వెళ్ళాలో
రాసుకున్న చోటే పడేలా
కొలిచి కొలిచి పెట్టారు.
అక్క కంప్యూటర్ మరీ పాతది,
ఆ చోటు నాలుగు గడులు అటుగా ఉంది.
దొంగ తలుపనుకుని గోడకి గుద్దుకున్నాడు.
లేకపోతే లోపల
ఊళ్ళో సగం మంది పాస్‌పోర్టు సైజు ముఖాలు,
వేలిముద్రలతో సహా.

రాత్రి రెండింటికి రాసింది ఒకే వరస.
గుణించే ముందు ఒకసారి భాగించి చూడు.
లైబ్రరీ చూసుకునేవాళ్ళకి పంపాను.
చుట్టుగుంట దాకా నిద్రపోతున్న ఫోన్లలో
పాత లెక్కే ఊపిరి తీస్తోంది.
ఎన్నిటికి చేరుతుందో, ఎప్పటికో.

పొద్దున్నే అక్క అడిగింది:
"పాప వచ్చిందా?"
"పాప లేదక్కా. అసలు ఎప్పుడూ లేదు."
కాసేపు మాట్లాడలేదు.
బల్ల మీద
ఎనిమిదికి పన్నెండు ఫ్రేము.
చీటీ మీద కొలత చూసి
నిన్ననే కోసి పెట్టుకుంది.