ఎర్ర పుంటి

తార్నాక చౌరస్తా కాడ, ఫ్లైఓవర్ నీడల
గోనెసంచి పరుసుకొని కూసుంట నేను.
పొద్దుగాల నాలుగింటికి ఘట్‌కేసర్ల బస్సెక్కుత,
ఒళ్ళె మూట. మూటల మెంతి, పాలకూర, చుక్కకూర,
నలగకుండ అన్నిటికన్న మీద పుంటికూర.
మీరు గోంగూర అంటరు. అనుండ్రి.
కట్ట పది రూపాయలే.

ఆ పిల్ల మొదటిసారి వచ్చిననాడు ముసురు.
కట్ట అడగలే, ధర అడగలే,
నా ముంగట కింద కూసుంది.
బేరానికొచ్చినోళ్ళు ఎవ్వరు అట్ల కూసోరు.
ఒక ఆకు తుంచి, వేళ్ళ నడుమ నలిపి,
వాసన చూసి, కండ్లు మూసుకుంది.
మొక్కుకుంటుందేమో అనుకున్న.

పొడుగు పిల్ల. యూనివర్సిటీల సదువంట.
ఊరు సూడాన్ల, ఓమ్‌దుర్మాన్ అంట.
ఆమె మూడుసార్లు చెప్పింది,
నేను మూడు తీర్ల అన్న.
పేరు రిహాబంట. అది జెర నోరు తిరిగింది:
రేబమ్మ.

"ఫూల్ హై?" అని ఫోన్ల బొమ్మ చూపిచ్చింది.
ఎర్రటి కాయలు, కోడి జుట్టు లెక్క.
ఓ, ఇవా! ఇత్తనానికి గట్టు పొంటి
నాలుగు చెట్లు ఇడుస్తం గద, వాటియి.
ఇత్తు తీసుకొని తొక్కలు పటేలోళ్ళ బర్రెకేస్తం.
బర్రె అంటే తెల్వదాయె.
నెత్తిమీద రెండు చేతులు కొమ్ములు పెట్టి చూపిచ్చిన.
ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది,
నవ్వో, బాధో.
వాళ్ళింటికి సుట్టమొస్తే ముందుగాల ఇచ్చేది అదేనంట,
నానవెట్టి, సక్కెరేసి, గిలాసల.
పెండ్లికి అదే, పండుగకు అదే.

కార్తీకం పోయినంక కాయలు ఎర్రవడ్డయి.
కొంగుల కట్టుకొని తెచ్చిన.
తూకమెయ్యలే. ఎట్ల తూస్త, దానికి రేటే లేకపాయె.
వంద నోటు ఇయ్యవోతే వద్దన్న.
నేను ఇంకొకరికి చిల్లర లెక్కవెడుతుంటే
గోనె కింద వెట్టి పోయింది.

కిరాయింటి డాబా మీద ఎండవోసిందంట.
ఇంటామె వచ్చి, మిరపకాయలు గింత చిన్నగున్నయేంది,
నాకొక కిలో ఇప్పియ్యి అన్నదంట.
ఈ ముచ్చట చెప్పుకుంట చెప్పుకుంట
బ్యాగుల నుంచి నీళ్ళ సీస తీసింది.
నీళ్ళు కావు. ఎర్రగ, చిక్కగ.
పక్కన బత్తాయిలమ్మే ఐలయ్య
"వద్దక్కా, ఏందో ఏమో" అన్నడు.
ఎండన పడి ఉన్న. గటగట తాగిన.

పులుపు.
సక్కెర పోయినంక నాలిక కింద మిగిలిన పులుపు
మా అవ్వ జొన్నరొట్టె మీద రాసిచ్చిన తొక్కుదే.
చెరువు కట్ట కింది మడి,
మడి పక్క రాతి బండ, బండ మీద ఉప్పు...
చాన ఏండ్లాయె యాదికి రాక.

"మీ ఊరు దూరమా?" అన్నది, హిందీల.
ప్రాజెక్టు నీళ్ళొచ్చినయి బిడ్డా,
ఇప్పుడు మా ఊరికి బస్సు లేదు అన్న.
మా ఊరికి ఇమానం లేదు అన్నది.
ఫోను తీసి చూసుకొని మళ్ళ లోపలవెట్టింది.
ఆరు దినాల సంది వాళ్ళమ్మకు కలుస్తలేదంట.
ఏం చెప్పాలె నేను?
ఖాళీ సీస కడిగి ఇచ్చిన.
రెండు కట్టలు సంచిల ఏసిన, పైసలు తీసుకోలే.
గంతల మున్సిపాలిటోళ్ళ బండి వచ్చింది,
మూట ఎత్తుకొని ఉరికిన,
ఆ పిల్ల తక్కెడ పట్టుకొని నా ఎనక ఉరికింది,
రైల్వే గోడ దాక.

ఎండకాలం పరీక్షలయినంక కనవడలే.
ఢిల్లీ వోయిందని ఒకరు, కాదు
నాంపల్లి దిక్కు రూము మారిందని ఒకరు.
నేనెవ్వరినని అడుగుత? పేరు కూడ నేను పెట్టుకున్నదే.

ఈయేడు గట్టు పొంటి నాలుగు కాదు,
నలభై చెట్లు ఇడిసిన.
మడి సగం ఎర్రగ కనవడుతుంది దూరంకెల్లి.
మొన్న పటేలు వచ్చి నిలవడి, నడుముల చేతులు పెట్టుకొని,
గిన్ని ఎందుకిడిసినవే, కూర కోసి అమ్ముకోక, అన్నడు.

మీ బర్రెకే పటేలా, అన్న.